వేలు ఎత్తిన చోటు

కోటేశ్వరమ్మ దగ్గర కారు నేర్చుకునే ఆడవాళ్లందరికీ ఆవిడ అలవాటు ఒకటి తెలుసు. ఎవరేం అడిగినా ముందు ఇంజను ఆపమనేది. ఆపాక జవాబు చెబుతుందేమోనని ముఖంలోకి చూస్తే, మళ్లీ స్టార్ట్ చెయ్యమనేది. ఇరవై ఏళ్లు బడి వ్యాను నడిపిన మనిషి. పిల్లల మీద అరిచి అరిచి తన మాటలన్నీ ఎప్పుడో అయిపోయాయని చెప్పుకునేది.

ఆ శనివారం పొద్దున వకుళ అడిగింది.

"మేడం, బండి మీద గీత పడకుండా పార్కు చెయ్యడం ఎన్నాళ్లకి వస్తుంది? మా ఆయన పద్దెనిమిదేళ్లుగా నడుపుతున్నారు. ఇంతవరకూ ఒక్క గీత లేదట."

"ఇంజను ఆపు" అంది కోటేశ్వరమ్మ.

ఇంజను ఆగింది. వకుళ చేతులు స్టీరింగు వదల్లేదు. సోమవారం ఆమె ముప్పై కిలోమీటర్ల అవతలి ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేరాలి. ఏడింటి డ్యూటీకి అందే బస్సు లేదు. ఆస్పత్రి ముందు రోడ్డు వారగా, రెండు బండ్ల మధ్య ఇరికించి పెట్టడం తప్ప మరో చోటూ లేదు. నేర్చుకోవడానికీ, డ్యూటీకీ తన కారిస్తానని భర్త శేషగిరి ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. "గీత పడిందా, తాళం చెవి నా జేబులోకి వచ్చేస్తుంది. తర్వాత ఏడిచి లాభం లేదు."

రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే, చెప్పులైనా విప్పకుండా, చూపుడు వేలు ఆనించి కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసేవాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన మరి దేన్నీ అంత శ్రద్ధగా తడిమి చూసింది లేదు. వెనకవైపున్న దిష్టిబొమ్మ స్టిక్కరు దగ్గర మాత్రం వేలు పైకెత్తి, అది దాటాక మళ్లీ ఆనించేవాడు. ఆ చుట్టు పూర్తయ్యేదాకా వకుళ ఇంటి గేటు దగ్గరే నిలబడేది. ప్రాణాలు పోతున్న మనిషి మంచం పక్కన కూడా వణకని చేతులు ఆ గేటు దగ్గర వణికేవి.

"స్టార్ట్ చెయ్యి. అక్కడ పెట్టు."

జిరాక్స్ షాపు ముందు, ఓ పాల వ్యానుకీ ఓ తెల్ల కారుకీ మధ్య ఖాళీ ఉంది. పక్కనే మురిక్కాలవ అంచున సిమెంటు దిమ్మ. వకుళ పాల వ్యాను పక్కకి వచ్చి ఆగి, రివర్సు గేరు వేసింది. అద్దంలో దిమ్మ కనిపించింది. దాని పక్కనే, అక్కడ లేని శేషగిరి వేలు కూడా కనిపించింది.

ఈలోగా జిరాక్స్ షాపాయన బయటికొచ్చాడు. ఆడది బండి వెనక్కి తీస్తుంటే చేతిలో పని పడేసి సాయానికి రాని మగవాడు ఆ బజార్లో లేడు. డిక్కీ మీద చరుస్తూ అందుకున్నాడు. "రానీయ్, రానీయ్... బోలెడు చోటుందమ్మా, రానీయ్!"

దిమ్మ దగ్గర పడుతోందని వకుళ కళ్లు చెబుతూనే ఉన్నాయి. అయినా ఆమె షాపాయన గొంతునే నమ్మింది. గరగరమని చప్పుడైంది.

"నేను ఆపమనే అన్నా" అన్నాడాయన. "అయినా ఆడవాళ్లకి ఎందుకమ్మా ఇవన్నీ?"

"నీ మిషన్లో కాయితం ఇరుక్కున్నట్టుంది బాబూ, వెళ్లి చూసుకో" అంది కోటేశ్వరమ్మ.

వకుళ దిగి చూసింది. వెనక బంపరు ఎడమ చివర జానెడు గీత. చున్నీ అంచు తడి చేసి రుద్దింది. రుద్దినకొద్దీ అది ఇంకా తేటపడింది. ఆ దిమ్మ మీదే కూలబడింది.

"అయిపోయింది మేడం. నాకిక సోమవారం లేదు. సాయంత్రం ఆ వేలు ఇక్కడే ఆగుతుంది."

కోటేశ్వరమ్మ ఓదార్చలేదు. వంగి ఆ గీతని చూసి, అక్కణ్నుంచి బంపరు కుడి చివరికి చూపు తిప్పింది. అక్కడ అరచేతంత దిష్టిబొమ్మ నాలుక బయటపెట్టి ఉంది.

"ఇదెవరు అంటించారు?"

"ఆయనే. బండి కొన్న మూడో వారం. కడిగేటప్పుడు కూడా దాన్ని ముట్టుకోవద్దన్నారు."

"ఇలాంటివాటి మీద అంత నమ్మకమా?"

"నమ్మకమా! నేను గుమ్మానికి గుమ్మడికాయ కడితే వారం రోజులు ఎగతాళి చేశారు."

ఆ మాట అన్నాక వకుళ తనే లేచి వచ్చి ఆ బొమ్మని చూసింది. కోటేశ్వరమ్మ గోటితో బొమ్మ అంచు లేపింది. అది సగం దాకా ఊడివచ్చింది. కింద బంపరు చీలి ఉంది. చీలిక పొడుగునా పసుపు రంగు అంటుకుని ఉంది.

ఆ రంగు వకుళకి తెలుసు. తమ గేటు స్తంభానికి తనే ఏరి కొనుక్కొచ్చిన రంగు. నిరుడు ఆ స్తంభం పెచ్చు ఊడితే, గ్యాసు బండి అబ్బాయే గుద్దాడని శేషగిరి వీధంతా వినేలా తిట్టాడు. నేను కాదు సార్, నేను కాదు సార్ అంటూ అతను వెళ్లిపోయాడు. అప్పుడు వకుళ కూడా గేటు దగ్గరే నిలబడి ఉంది. అతన్ని నమ్మలేదు.

భయం పోయిందా అంటే పోలేదు. సాయంత్రం ఎలాగూ వస్తుంది, వేలూ వస్తుంది.

"ఇంటికెళ్లి ఏం చెప్పను మేడం?"

కోటేశ్వరమ్మ చేతులు దులుపుకుంది.

"ఆ మలుపులో ఫ్యాన్సీ షాపుంది. ఈ బొమ్మలే అమ్ముతారు. ఇంకోటి కొని అంటించుకుంటావో, ఉన్నదాన్ని పూర్తిగా పీకేస్తావో నువ్వే చూసుకో. ముందు బండెక్కి, పెట్టడం పూర్తి చెయ్యి. ముందరి చక్రాలు ఇంకా నడిరోడ్డు మీదే ఉన్నాయి."