గవర్రాజు పోయని బ్రాందీ

బ్రాందీ గురించి అంతా తెలిసి, ఎదుటి మనిషి గురించి ఏమీ తెలియని గవర్రాజు యానాంలో గోదావరి ఒడ్డున ఉండేవాడు.

వయసులో ఉండగా ఆయన ఒక ఫ్రెంచి ఓడలో చాలాకాలం పనిచేశాడు. ప్రయాణికులకు మద్యం అందించడం ఆయన పని. పులిసిన ద్రాక్షరసాన్ని కాచి, ఆవిరి పట్టి బ్రాందీ తీస్తారనీ, చెక్కపీపాల్లో ఏళ్ళ తరబడి నిలవుంటేనే దానికి ఆ తేనెరంగూ ఆ పరిమళమూ వస్తాయనీ అక్కడే నేర్చుకున్నాడు. పొట్ట లావుగా, మూతి సన్నగా ఉన్న గ్లాసులో అడుగున కొంచెమే పోయాలి. అరచేతిలో పట్టుకుని ఉంటే ఒంటి వెచ్చదనానికి వాసన మెల్లగా పైకి లేస్తుంది. ముందు ముక్కుకి, ఆ తర్వాతే నాలుక్కి. ఇదంతా మంచి విద్యే. చిక్కల్లా, ఆ విద్యతో ఆయన ఊరివాళ్ళందరికీ మొట్టికాయలు వేసేవాడు.

ఒకసారి పక్కవీధి లోవరాజు పెద్ద పండుగప్ప చేపను తెచ్చి ఇచ్చాడు. లోవరాజు గోదావరిలో వల వేసి బతికేవాడు. చేపను చూసి గవర్రాజు సంతోషించాడు. అతణ్ణి అరుగుమీద కూర్చోబెట్టి గ్లాసులో కాస్త బ్రాందీ పోశాడు. లోవరాజు గ్లాసెత్తి ఒక్క గుక్కలో తాగేసి మూతి తుడుచుకున్నాడు.

"ఓరి నీ మొహం మండ! గేదె కుడితి తాగినట్టు తాగేశావు కదరా!" అని గవర్రాజు నలుగురిలో అరిచాడు. "నీలాంటివాడికి పోశాను చూడు, నాదే బుద్ధితక్కువ" అంటూ గ్లాసు లాక్కున్నాడు.

లోవరాజు తలవంచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"చేప తెచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపినా బాగుండేది. సిగ్గుపడేలా చేసి పంపించారు" అంది ఆయన భార్య వరాలమ్మ.

"నాలుగు మాటలంటేగానీ నేర్చుకోరు" అన్నాడు గవర్రాజు.

ఆయన బీరువాలో మరో సీసా ఉండేది. ఓడ పని మానేసి వచ్చేటప్పుడు కెప్టెన్ స్వయంగా ఇచ్చిన చాలా పాత బ్రాందీ అది. ఇంటికెవరు వచ్చినా దాన్ని తీసి చూపించేవాడు. మూత మాత్రం తీసేవాడు కాదు. "దీని విలువ తెలిసినవాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు" అనేవాడు. వినగా వినగా జనం ఆ అరుగు ఎక్కడం మానేశారు. గవర్రాజు పెద్ద పిసినారి అని ఊళ్ళో పేరు పడిపోయింది. ఆ మాట ఆయన చెవిన పడింది. అయినా లెక్కచేయలేదు. సాయంత్రాలు ఒక్కడే కూర్చుని, ఒక్కడే వాసన చూసి, ఒక్కడే తాగేవాడు. అందులో మునుపటి రుచి ఎందుకు లేదో ఆయనకు అర్థమయ్యేది కాదు.

కార్తీకమాసంలో తుఫాను పట్టింది. పొద్దుగూకే వేళ లోవరాజు పడవ తిరగబడింది. ఈదురుగాలిలో, వానలో అతను ఒడ్డువార నీళ్ళలో పెరిగే మడచెట్ల వేళ్ళు పట్టుకుని రాత్రంతా నీళ్ళలోనే ఉండిపోయాడు. తెల్లవారి వాన కాస్త తెరిపి ఇచ్చాక అతణ్ణి వెతికి పట్టుకుని ఒడ్డుకు తెచ్చారు. అన్నిటికంటే దగ్గరి ఇల్లు గవర్రాజుదే. తెచ్చి ఆయన అరుగుమీద పడుకోబెట్టారు.

లోవరాజు పెదాలు నీలంగా మారాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పిలిస్తే మాట ముద్దగా వస్తోంది. అతని భార్య నూకరత్నం చేతులు పట్టుకుని రుద్దుతూ ఏడుస్తోంది. చెట్లు కూలి దారులన్నీ మూసుకుపోయాయి. అయినా డాక్టరు కోసం ఒకడు పరుగెత్తాడు.

"ముందు కాస్త బ్రాందీ పట్టండి! ఒళ్ళు వేడెక్కుతుంది" అన్నాడు కిరాణాకొట్టు అబ్బులు. "గవర్రాజుగారూ, మీ సీసా తియ్యండి."

"వద్దు. బ్రాందీ పొయ్యకూడదు" అన్నాడు గవర్రాజు.

అబ్బులు జనంవైపు తిరిగాడు.

"చూశారా! ఎదురుగా మనిషి పోతున్నా ఈయన మూత తియ్యడు" అన్నాడు అబ్బులు. జనం గొణుక్కున్నారు. ఎవరో థూ అన్నారు.

గవర్రాజుకు కోపం తన్నుకొచ్చింది. తెలిసిన మాట చెబితే నిందలా? మీ చావు మీరు చావండని లోపలికి వెళ్ళి తలుపేసుకుందామనుకున్నాడు. ఇంతలో నూకరత్నం వచ్చి ఆయన కాళ్ళమీద పడింది.

"బాబుగారూ, ఆయాల మావోడు తెలీక గటగటా తాగేశాడండి. తప్పయిపోయిందండి. ఆ కోపం ఇప్పుడెట్టుకోకండి. ఒక్క గుక్క పొయ్యండి బాబూ!"

గవర్రాజు ఆగి ఆమెను చూశాడు. ఒక గుక్క బ్రాందీ కోసం మనిషి ప్రాణం పోనిస్తాడని ఈమె నిజంగా నమ్ముతోంది. ఈమే కాదు, అరుగుమీద ఉన్న అందరూ నమ్ముతున్నారు. తనమీద అలాంటి నమ్మకం కలిగించింది ఎవరు? తనే.

ఆయన లోపలికి వెళ్ళాడు. కెప్టెన్ ఇచ్చిన సీసా తెచ్చి నూకరత్నం ఒళ్ళో పెట్టాడు.

"అమ్మా, ఇది నీదే. ఇక నాకు దీనితో సంబంధం లేదు. పొయ్యాలనుకుంటే నేను ఆపను. కానీ నా మాట ఒక్కటి విను. మా ఓడలో ఒక కుర్రాడు చలికాలం సముద్రంలో పడ్డాడు. పైకి లాగి మేమంతా ప్రేమకొద్దీ బ్రాందీ పట్టాం. పోసింది నేనే. వాడి మొహం ఎర్రబడింది, వెచ్చగా ఉందన్నాడు. కాసేపటికే వాడి ఒళ్ళంతా చల్లబడిపోయింది. బ్రాందీ ఒంటికి వేడి ఇవ్వదమ్మా. లోపలున్న వేడిని పైకి తెచ్చి గాలికి వదిలేస్తుంది. ఓడ డాక్టరు వాణ్ణి బతికించేసరికి మా అందరి ప్రాణాలూ పోయినంత పనైంది."

ఆయన గొంతులో బడాయి లేదు. అబ్బులు సీసా అందుకోబోయాడు. నూకరత్నం గవర్రాజు ముఖంలోకి చూసింది. సీసాను పైటచెంగు కింద దాచుకుంది.

"ఆగన్నా. ఇచ్చేసినాయన అబద్ధమెందుకు చెబుతాడు?" అంది. "ఏం చెయ్యాలో చెప్పండి బాబుగారూ."

గవర్రాజు తడిబట్టలు విప్పించాడు. పొడి దుప్పట్లు కప్పించి, ఓడలో వేసుకున్న తన ఉన్నికోటు తెచ్చి లోవరాజు ఛాతీమీద చుట్టాడు. చేతులూ కాళ్ళూ రుద్దవద్దని, నిప్పు దగ్గరికి ఈడ్చవద్దని అందరినీ వారించాడు. వరాలమ్మ సీసాల్లో గోరువెచ్చని నీళ్ళు పోసి గుడ్డలు చుట్టి ఇస్తే చంకల కింద పెట్టాడు. లోవరాజు మింగగలుగుతున్నాడని చూసుకున్నాక చక్కెర దండిగా వేసిన టీ చెంచాతో మెల్లమెల్లగా పట్టించాడు. దూరం నుంచి చూస్తున్న అబ్బులు తనూ వచ్చి పక్కన కూర్చుని చెంచా అందుకున్నాడు.

పొద్దెక్కే వేళకు వణుకు తగ్గింది. లోవరాజు కళ్ళు తెరిచి, "రత్నం, పడవ దొరికిందా?" అని స్పష్టంగా అడిగాడు. నూకరత్నం ఏడుస్తూ నవ్వింది. బురదలో పడుతూ లేస్తూ వచ్చిన డాక్టరు నాడి చూసి, "సారా, బ్రాందీ లాంటివేమీ పట్టలేదు కదా? బతికించారు" అన్నాడు. అబ్బులు తల దించుకున్నాడు.

లోవరాజు పూర్తిగా కోలుకున్నాక మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ సీసా తీసుకుని గవర్రాజు ఇంటికి వచ్చారు.

"ఇది మీదేనండి" అన్నాడు లోవరాజు.

"నేను ఇచ్చేశాను. నీది. ఏం చేస్తావో నీ ఇష్టం" అన్నాడు గవర్రాజు.

లోవరాజు తల గోక్కున్నాడు. "అయితే అందరం తలా కొంచెం తాగుదామండి. ఎలా తాగాలో మీరు చెప్పండి. ఈసారి చెప్పినట్టే తాగుతాను."

గవర్రాజు వీధిలోకి వెళ్ళి అబ్బులుతోపాటు మరో ఇద్దరిని తనే పిలుచుకొచ్చాడు. మూత తీశాడు. తలా కొంచెమే పోశాడు. "అరచేతిలో పెట్టుకో. తొందరలేదు. ముక్కు దగ్గరికి తెచ్చుకో, మరీ లోపలికి పీల్చకు, ఘాటెక్కుతుంది. ఏం వాసనొస్తోంది?" అని అడిగాడు.

లోవరాజు కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూశాడు. "ఎండుద్రాక్ష డబ్బా మూత తీసినట్టుందండి. వెనకాల ఎక్కడో తడిసి ఎండిన పడవ చెక్క వాసన."

గవర్రాజు ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్ళుగా తాను బ్రాందీ వాసన చూస్తున్నాడు గానీ, ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాడు. ఆ మాటే పైకి అన్నాడు. లోవరాజు సిగ్గుపడి నవ్వాడు. అబ్బులు తనకు ఘాటు పడదని, కాసిన్ని వేడినీళ్ళు కలుపుకోవచ్చా అని బెరుగ్గా అడిగాడు. గవర్రాజు లేచి వెళ్ళి తనే వేడినీళ్ళు తెచ్చి కలిపాడు. మందు మానేసిన ఒకాయనకు వరాలమ్మ అల్లం టీ ఇచ్చింది. దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. చిన్న గ్లాసుతోనే అందరూ దీపాలు పెట్టేవరకూ కబుర్లు చెప్పుకున్నారు. అడిగితే మరికాస్త పోసేవాడే గానీ, ఎవరూ అడగలేదు, ఆయనా బలవంతపెట్టలేదు. ఆ సాయంత్రం గవర్రాజుకు తన గ్లాసులో ఓడరోజుల నాటి రుచి తగిలింది.

ఎంత గొప్ప విద్య అయినా, ఎదుటి మనిషిని గౌరవించేవాడి నోట వచ్చినప్పుడే లోకం దాన్ని నమ్ముతుంది.