అయ్యగారి వీపు మీద గడ్డ

నాగదేవుడు మఠానికి పెద్ద అయ్యాక వైద్యం చదివే కుర్రవాళ్ళు ఎక్కడా పట్టనంతమంది అయ్యారు. అంతకుముందు వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు వసారాల్లో చాప వెయ్యడానికి చోటు లేదు. తెల్లారింది మొదలు ఒకటే వల్లెవేత. "మా మఠంలో గోడలక్కూడా వైద్యం వచ్చేసింది" అని ఆయన నవ్వేవాడు. గోడలకి వచ్చిందేమో గాని, కుర్రవాళ్ళకి వచ్చిందా అని ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున చదువు ముగించినవాళ్ళకి పొదులు ఇవ్వాలి. పొది అంటే తోలుసంచి. అందులో కత్తులు, సూదులు, పట్టకారు ఉంటాయి. పెద్ద గురువు తన చేత్తో ఇస్తారు. అది చంకన పెట్టుకుని ఏ ఊరెళ్ళినా పీట వేసి కూర్చోబెడతారు. నీకేం వచ్చు నాయనా అని అడిగేవాడుండడు.

తన ఏలుబడిలో ఊరికో వైద్యుడుండాలని దొరగారు ముచ్చటపడ్డారు. మంచి ముచ్చటే. అయితే రెండేళ్ళలో కావాలన్నారు. నాగదేవుడు సరేనన్నాడు. దొరగారి మంత్రి గుండయ, పొదులు ఇవ్వడం కళ్ళారా చూసి పోవడానికి అప్పటికే వచ్చి మండపంలో విడిది చేశాడు. అంతా సిద్ధం. ఒక్క పెద్ద గురువు, నాగదేవుడికి చదువు చెప్పిన విరూపాక్షయ్యగారే గది దాటి రావడం లేదు. కబురు పంపితే "చూద్దాంలే" అన్నారట.

నాగదేవుడు కాలు కాలిన పిల్లిలా మఠమంతా తిరిగాడు. చివరికి, తన కుర్రవాళ్ళలో మేటి అయిన ప్రోలయని వెంటబెట్టుకుని గురువుగారి గదికి వెళ్ళాడు. వీడి చదువు చూస్తే ముసలాయన మనసు కరుగుతుందని ఆశ.

విరూపాక్షయ్యగారు బోర్లా పడుకుని ఉన్నారు.

"అయ్యగారూ, ఒంట్లో బాగాలేదా?"

"వీపు మీద గడ్డ లేచిందిరా. కూర్చోనివ్వదు, వెల్లకిలా పడుకోనివ్వదు."

నాగదేవుడు పైబట్ట తొలగించి చూశాడు. వెన్నుపూసని ఆనుకుని నిమ్మకాయంత గడ్డ, ఎర్రగా నిగనిగలాడుతోంది. బాగా పండింది. ఇవాళ కొయ్యకపోతే విషం లోపలికి దిగుతుంది.

"అయ్యయ్యో! ఒక్క మాట కబురు చెయ్యకపోయారా! ఉండండి, ఇప్పుడే కోసేస్తాను."

"నువ్వెందుకు? ఆ వచ్చిన అబ్బాయెవరు?"

"ప్రోలయ అండీ. ఈ ఏటి వాళ్ళందరిలోకీ మొదటివాడు. రేపు మీ చేతి మీదుగా పొది అందుకునేది ముందు వీడే."

"ఏరా ప్రోలయా, గడ్డలెన్ని రకాలు?"

అడగడమే ఆలస్యం. ప్రోలయ కళ్ళు మూసుకుని అందుకున్నాడు. గడ్డల రకాలు, వాటి రంగులు, పండినదాని గుర్తులు, పచ్చిదాని గుర్తులు, దేనికి ఏ కత్తి, ఎటు వాలుగా కొయ్యాలి, కోశాక ఏ ఆకు కట్టాలి, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. వింటున్న నాగదేవుడికి ఒళ్ళు పొంగిపోయింది.

"భేష్," అన్నారు గురువుగారు. "ఒక్క మాట జారలేదు. ఇక కొయ్యి."

నాగదేవుడు ఇదేదో హాస్యమనుకుని నవ్వబోయాడు. గురువుగారు నవ్వలేదు. తలకింద పెట్టుకున్న తన పాత పొది తీసి ప్రోలయ చేతిలో పెట్టి, మళ్ళీ బోర్లా తిరిగి, రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకున్నారు.

ప్రోలయ పొది విప్పాడు. కత్తులన్నిటికీ పేర్లు తెలుసు పాపం. కావలసిన కత్తే తీశాడు. తీసి, తాటాకు మీద రాసే గంటం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. వాడి మొహాన చెమటలు పట్టాయి. కత్తి మొన వణుకుతూ వణుకుతూ గడ్డ మీద నుంచి జరిగి, సరిగ్గా వెన్నుపూస దగ్గర ఆగింది.

నాగదేవుడు ఎప్పుడు ముందుకు దూకాడో ఆయనకే తెలీదు. గబుక్కున వాడి మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం? ఎందుకాపావు?" అన్నారు గురువుగారు, తల తిప్పకుండానే.

"వెన్ను పక్కనే ఉందండీ... ఏ మాత్రం జారినా మీకు..."

"రేపు ఏ ఊరెళ్తున్నావురా అబ్బాయీ?"

"మా ఊరేనండి. గొల్లవాగు," అన్నాడు ప్రోలయ.

"గొల్లవాగులో మనుషులకి వీపులుండవా నాగా?"

నాగదేవుడికి చెప్పడానికి సాకులు లేకపోలేదు. దొరగారి తొందర ఉంది, కుర్రవాళ్ళు ఇందరయ్యారు, నేర్పే చేతులు చాలవు. కానీ ఆయనకి తన చదువు గుర్తొచ్చింది. తన రోజుల్లో కత్తికి చెయ్యి కుదరడానికి ముందు ఏడాది పొడుగునా బూడిద గుమ్మడికాయలు కోయించేవాళ్ళు. కోసినవన్నీ పులుసులోకే పోయేవి. తిని తిని ఆ పులుసు పేరెత్తితే వాంతి వచ్చేది. ఆ తరవాత ఏళ్ళ తరబడి రోగి పక్కన నిలబడటం. దొరగారు తొందరపెట్టగానే తను మొట్టమొదట ఎత్తేసింది ఆ రెండే. వల్లెవేతకి ఖర్చు లేదు, ఎందరైనా ఒకేసారి చెయ్యొచ్చు.

"వీడికి రాదని నీకు ఎప్పట్నించి తెలుసు?" అన్నారు గురువుగారు మెల్లగా.

నాగదేవుడు సిగ్గుతో చచ్చిపోయాడంటే నమ్మండి.

అప్పుడు ప్రోలయ భోరుమన్నాడు. "అయ్యగారూ, నేనింతవరకూ మనిషి ఒంటి మీద కత్తి పెట్టలేదండీ. మా అమ్మ ఊరంతా చెప్పుకుంది, వైద్యుడై వస్తున్నాడని. ఎవరైనా బిడ్డనెత్తుకుని వస్తే నేనేం చెయ్యను? ఎవర్నడగను? ఇక్కడ అడిగితే చదువు రాలేదంటారని నోరు మూసుకున్నాను."

నాగదేవుడు వాడి చేతిలో కత్తి తీసి పక్కన పెట్టాడు. "ఇక్కడే ఉండు, వస్తాను" అని తిన్నగా మండపానికి నడిచాడు.

గుండయ మంత్రి తమలపాకులు సవరించుకుంటున్నాడు.

"రేపు పొదులు ఇవ్వడం లేదు," అన్నాడు నాగదేవుడు.

"మతి పోయిందా ఏం? దొరగారు ఊరూరా చాటింపు వేయించారు!"

"తప్పు జరిగిందని మళ్ళీ వేయించమనండి. ఆ తప్పు కుర్రవాళ్ళది కాదు, నాది. నా పేరే చెప్పమనండి."

"మఠం మాన్యాలు లాగేసుకుంటారు నాగదేవా. ఆలోచించుకో."

"ఊళ్ళమ్మట పోయి బిచ్చమెత్తుకుంటాం. అలవాటు లేనిదేం కాదు."

"నీ పెద్దరికం ఉంటుందనుకుంటున్నావా?"

"పోతే మంచిదే. పాఠం చెప్పుకోవడానికి తీరిక దొరుకుతుంది."

"ఇంకా ఎన్నాళ్ళు కావాలి వీళ్ళకి?"

"వచ్చేదాకా."

వసారాల్లో వల్లెవేత ఎప్పుడో ఆగిపోయింది. కుర్రవాళ్ళు స్తంభాల చాటు నుంచి వింటున్నారు. కొందరి మొహాలు మాడిపోయాయి. ఒకడు కోపంతో చాప చుట్టి విసిరేశాడు. హమ్మయ్య అనుకున్నవాళ్ళూ లేకపోలేదు, పైకి అనలేదంతే. నాగదేవుడు గదికి తిరిగొచ్చాడు.

వేణ్ణీళ్ళతో చేతులు కడుక్కున్నాడు. ప్రోలయ చేత కడిగించాడు. కత్తిని దీపం మంట మీద కాల్చి వాడి చేతికే ఇచ్చాడు.

"నేనా?" అన్నాడు ప్రోలయ బెదిరిపోయి.

"నువ్వే. గంటంలా కాదు, ఇలా. చూపుడువేలు కత్తి వెన్ను మీదకి రానీ. కళ్ళు మూసుకోకు, గడ్డ మెత్తగా ఎక్కడుందో వేలితో తడుము. ఇక్కడ. దొరికిందా?"

"దొరికిందండీ."

వాడి చేతి మీద తన చెయ్యి వేశాడు. రెండు చేతులూ కలిసి కత్తిని కిందికి దించాయి. గురువుగారు "శివా" అని పైబట్ట పంటి కింద బిగించారు. చీము బొటబొటా కారింది. ప్రోలయ మొహం తిప్పుకోబోయి, తిప్పుకోకుండా ఉండి, గుడ్డతో ఒత్తసాగాడు. వాడి వణుకు కాస్త తగ్గింది. హమ్మయ్య, గండం గడిచిందనుకుని నాగదేవుడు మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

పంటి కింది బట్ట వదిలి గురువుగారు అన్నారు:

"అప్పుడే చెయ్యి తియ్యకు, నాగా."