జంబయ్య గుమ్మం ముందు బాట

చింతలేరు పక్కన బతికే జంతువులకి రెండు రేవులతోనూ పని. ఎగువ రేవులో నీళ్ళు తేటగా ఉంటాయి, దిగువ రేవు దగ్గర మేత బాగుంటుంది. ఇదివరకు ఈ రేవు నుంచి ఆ రేవుకి ఒడ్డునే సన్నటి కాలిబాట ఉండేది. ఆ ఏడు వరద దాన్ని కోసుకుపోయింది. అప్పటినుంచి అందరూ ఇసుక ట్రాక్టర్లు తిరిగే రోడ్డెక్కి, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నడుస్తున్నారు.

తాబేలు నూకయ్య తాతకి ట్రాక్టర్ చక్రం రాసుకుని చిప్ప అంచు పగిలింది. బాతు వెంకాయమ్మ కష్టం ఇంకా పెద్దది. ఏట్లో ఈదుదామంటే వరద తగ్గినా వడి తగ్గలేదు, పిల్లలు తట్టుకోలేవు. రోడ్డు మీద నడిపించుకు వెళ్తుంటే ట్రాక్టర్ లేపిన దుమ్ములో ఆఖరి పిల్ల మాయమైంది. దుమ్ము తగ్గాక చూస్తే పక్క గుంటలోంచి తుమ్ముకుంటూ లేచి వచ్చింది. ఆవిడ దాన్ని దగ్గరకి తీసుకుని ఏడ్చిన ఏడుపు అవతలి ఒడ్డుకి వినిపించింది. మర్నాడే పట్టుబట్టి పంచాయతీ పెట్టించింది.

పంచాయతీకి పెద్ద పుల్లన్న. ఎర్రటి ముసలి ఎద్దు, ఏ మాటైనా బాగా నెమరేసుకుని గానీ బయటికి అనడు.

"ఒడ్డున కొత్త బాట వేసుకుందాం," అన్నాడు పుల్లన్న. "పరిగెత్తేవాళ్ళు ఓ పక్క, మెల్లగా నడిచేవాళ్ళు ఓ పక్క. పొగ లేకుండా, హారన్ మోత లేకుండా మన కాళ్ళ మీద మనం పోదాం. అయితే బాట ఎటునుంచి వేస్తే బాగుంటుందో ఒకరు చూసి రావాలి."

"నేనున్నానుగా పెద్దయ్యా!" అంటూ ముందుకొచ్చాడు నక్క జంబయ్య.

జంబయ్య మంచి మాటకారి. పోయిన చలికాలం గొర్రెల మంద మీద కన్నేసి, కాపలా కుక్క కర్రెన్నకి దొరికిపోయి, తోక కుచ్చు వదిలేసి పారిపోయి వచ్చాడు. అప్పటినుంచి ఊరివైపు వెళ్ళడం మానేశాడు. ఏటి ఒడ్డున మాత్రం ఎవరి జోలికైనా వెళ్ళాడనడానికి రుజువేమీ లేదు. అందుకని ఎవరూ కాదనలేకపోయారు.

పొద్దుగూకే లోపే తిరిగొచ్చి, అందరి ముందూ ఇసుకలో గోటితో గీత గీశాడు.

"ఇదిగో, ఇది ఎగువ రేవు. ఇక్కణ్ణించి ఒడ్డునే వచ్చేస్తాం. ఇక్కడ మాత్రం మట్టి మరీ మెత్తగా ఉంది, కాలేస్తే దిగిపోతోంది. అందుకని ఇలా రెల్లుపొదల్లోకి తిరిగి, అవతల మళ్ళీ ఒడ్డుకొచ్చి, దిగువ రేవుకి చేరతాం."

"ఆ పొదల్లో నీ బొరియ ఉంది కదరా?" అన్నాడు నూకయ్య తాత.

"ఉంది తాతా. సరిగ్గా నా గుమ్మం ముందు నుంచే పోతుంది బాట. ఏం చేస్తాం, పదిమంది కోసం నా వాకిలి వదులుకుంటున్నాను. ఎండన పడి వచ్చినవాళ్ళు నీడన కూర్చుంటారు. వెంకాయమ్మక్క పిల్లలు అలిసిపోతే మా ఇంట్లో కాసేపు పడుకోబెట్టొచ్చు."

వెంకాయమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

నీడ అనే మాట వినగానే మేకలకీ కుందేళ్ళకీ ప్రాణం లేచొచ్చింది. "బాగుంది, బాగుంది!" అన్నాయి. జంబయ్యకి ఊపొచ్చింది.

"ఇది అందరి బాట! కాళ్ళున్న ప్రతి ప్రాణికీ దీనిమీద హక్కుంది! నువ్వు రావద్దని ఎవర్నీ ఎవరూ అనడానికి లేదు!"

ఒడ్డంతా కేరింతలు. ఒప్పుకునేవాళ్ళని తోకలెత్తమన్నాడు పుల్లన్న. సగానికి పైగా తోకలు లేచాయి. అన్నిటికన్నా ముందు లేచింది కుచ్చు లేని తోక.

"ఇది పిల్లలకి వేసిన ఉచ్చు తాతా," అని గొణిగింది వెంకాయమ్మ.

"ఆ మాటే లేచి చెప్పు."

"ఏమని చెప్పను? ఏం చూపించను? నన్ను అనుమానిస్తారా అని వాడు ఏడుస్తాడు, అందరూ వాణ్ణి ఓదారుస్తారు. చివరికి తప్పు నాదవుతుంది."

ఆవిడ కాసేపు ఆ ఇసుకలో గీత కేసి చూసింది. తర్వాత అటూ ఇటూ ఊగుతూ సభ మధ్యకి నడిచింది.

"జంబయ్య తమ్ముడు ఎంత మంచి మాట చెప్పాడు పెద్దయ్యా! కాళ్ళున్న ప్రతి ప్రాణికీ అన్నాడే, నా కడుపు నిండిపోయింది. పాపం, మా కర్రెన్న కూడా ఆ రోడ్డు మీద నానా అవస్థా పడుతున్నాడు. మందని నీళ్ళకి తోలుకు రావాలి, మళ్ళీ తోలుకుపోవాలి. బాట ఎప్పుడు పడుతుందని కనిపించినప్పుడల్లా అడుగుతాడు. ఇక వాడూ, వాడి తమ్ముళ్ళూ పొద్దునా సాయంత్రం హాయిగా జంబయ్య గుమ్మం ముందు నుంచే వెళ్తారు. ఎండ ఎక్కువైతే ఆ నీడలోనే పడుకుంటారు."

జంబయ్య చెవులు వాలిపోయాయి.

"క... కుక్కలా? అదేంటక్కా, వాళ్ళు ఊరివాళ్ళు కదా. ఇది మన ఏటివాళ్ళ బాట."

పుల్లన్న నెమరు ఆపాడు. "కర్రెన్నకి కాళ్ళు లేవా జంబయ్యా?"

"కాళ్ళు... ఉన్నాయి పెద్దయ్యా."

"మరి ఎవర్నీ రావద్దనకూడదని నువ్వేగా అన్నావు. అందరూ విన్నారు కూడా." పుల్లన్న కళ్ళలో నవ్వు మెదిలింది, గొంతులో మాత్రం రానివ్వలేదు. "నువ్వు వాకిలి వదులుకున్నాక మేం ఊరుకుంటే ఏం బాగుంటుంది? మంద మొత్తం పట్టేలా నీ గుమ్మం ముందు పొదలన్నీ కొట్టించి వెడల్పు చేయిస్తాను. రేపు పొద్దున్నే కర్రెన్నని పిలిపించి, నీ ఇల్లెక్కడో దగ్గరుండి చూపిద్దాం."

"రేపు పొద్దున్నే" అనగానే జంబయ్య గబుక్కున అడ్డొచ్చాడు.

"ఒక్క మాట పెద్దయ్యా! ఆ ఒడ్డుని నేను సరిగ్గా చూశానో లేదో..." అంటూ పరిగెత్తుకెళ్ళి, మెత్తగా ఉందన్న చోటే ఎగిరి గంతేశాడు. "చూడండి, రాయిలా ఉంది! ఇంతకన్నా గట్టి నేల..."

అనేలోపే అంచు విరిగి వెనక కాళ్ళు ఏట్లోకి జారాయి. ఒడ్డున గడ్డి పరక పట్టుకుని వేలాడాడు. మేకలు ఫక్కుమన్నాయి. వెంకాయమ్మకే జాలేసి, ముక్కుతో మెడ దగ్గర బొచ్చు పట్టుకుని లాగింది. చాలక పుల్లన్న కొమ్ము అందించాడు.

పైకొచ్చి ఒళ్ళు దులుపుకుని, రొప్పుతూనే చెప్పాడు జంబయ్య. "కాస్త మెత్తదే, ఒప్పుకుంటాను. అయితే దీనికి మందుంది. ఒడ్డు పొడుగునా వట్టివేరు నాటితే, ఆ వేళ్ళు లోపలికి దిగి మట్టిని కదలనివ్వవు. నా బొరియ మీద మట్టి జారకుండా అదే నాటాను. ఎన్ని వరదలొచ్చినా చెక్కు చెదరలేదు."

"మరి ఇందాక చెప్పలేదేం తమ్ముడూ?" అంది వెంకాయమ్మ.

"ఇప్పుడే గుర్తొచ్చిందక్కా."

"ఇప్పటికైనా గుర్తొచ్చింది, సంతోషం," అన్నాడు పుల్లన్న. "బాట ఒడ్డునే వేద్దాం. వట్టివేరు సంగతి తెలిసినవాడివి నువ్వే కాబట్టి, నాటడం, నీళ్ళు పోయడం నీ పని. ఏమంటారు?"

ఈసారి లేవని తోక లేదు. జంబయ్యది కూడా లేచింది, కాస్త ఆలస్యంగా.

పని మొదలైంది. పుల్లన్న రాళ్ళు ఈడ్చుకొచ్చాడు. మేకలు, గొర్రెలు మట్టిని తొక్కి చదును చేశాయి. నూకయ్య తాత ముందు నడుస్తూ, తను ఎక్కలేని మిట్ట కనిపిస్తే అక్కడ ఆగిపోయేవాడు. దాన్ని చెక్కేదాకా కదిలేవాడు కాదు. జంబయ్య ఒడ్డు వెంట గుంటలు తీస్తూ, వట్టివేరు పిలకలు నాటుతూ పోయాడు. కర్రెన్న మందని తోలుకు వచ్చి, దూరంగా కూర్చుని చూసేవాడు.

"ఆ పిలక వంకరగా ఉంది జంబయ్యా!" అని ఒక్క అరుపు అరిచేవాడు.

"సరిచేస్తున్నా అన్నా, సరిచేస్తున్నా!" అంటూ జంబయ్య దాన్ని పీకి మళ్ళీ నాటేవాడు.

చలికాలం వచ్చేసరికి వట్టివేరు కుదురుకుంది, బాట గట్టిపడింది. ఓ పక్కన కుందేళ్ళు దూసుకుపోతుంటే, ఇంకో పక్కన నూకయ్య తాత తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ పోతున్నాడు. రోడ్డు వంక చూసే అవసరం ఎవరికీ రాలేదు. రెల్లుపొదల వైపు తొంగిచూసినవాళ్ళూ లేరు.

జంబయ్య మాత్రం రోజూ అందరూ నడిచే వేళకి ఏట్లోంచి తోకతో నీళ్ళు చిమ్ముతూ బాట అంచునే కనిపించేవాడు. బాతుపిల్లలు బారుగా అతని ముక్కు ముందు నుంచే వెళ్ళేవి. వాటి వెనకే మంద, మంద పక్కనే కర్రెన్న. జంబయ్య గుటకేసి, ఇంకో పిలకకి నీళ్ళు చిమ్మేవాడు.

"ఆ చివరిదాకా తడిపావా తమ్ముడూ?" అని పలకరించేది వెంకాయమ్మ.

"తడిపానక్కా," అనేవాడు తలెత్తకుండా.

అందరి దారినీ తన గుమ్మం వైపు తిప్పుకోవాలనుకునేవాడు, ఆ అందరిలో ఎవరెవరున్నారో ముందుగా చూసుకోవాలి.