పద్ధతిగా వచ్చిన మెయిల్

కాకినాడలో కోదండపాణి అనే బ్యాంకు గుమాస్తా ఉండేవాడు. మంచివాడే, తెలివైనవాడే, కానీ ఎదుటివాళ్ళు చిన్న పొరపాటు చేస్తే చాలు, పదిమందిలో పెట్టి ఉతికి ఆరేసేవాడు.

అతనికి పుట్టుకతోనే చూపు లేదు. చూపులేనివాళ్ళ కోసం ‘తోడు’ అనే మెయిల్ గ్రూపు ఒకటి నడిపేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలోని టీచర్లు, ఉద్యోగులు, చదువుకునే పిల్లలు అందులో ఉండేవారు. ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆ గ్రూపులో అడిగేవారు. వాళ్ళ కంప్యూటర్లలో స్క్రీన్ రీడర్ ఉండేది. తెర మీద ఏముంటే అది పైనుంచి కిందికి చదివి వినిపించడం దాని పని.

కంటితో చదివేవాళ్ళకు ఒక సుఖం ఉంది. అక్కర్లేనిది ఎదురైతే చూపు దాన్ని దాటేసి ముందుకు పోతుంది. చెవికి ఆ సుఖం లేదు. వరసగా ఏది వస్తే అది వినాల్సిందే. జవాబు ఎక్కడో అడుగున ఉంటే, ముందే విన్న పాత మెయిలంతా మళ్ళీ విని, ఆ పాత మెయిల్ ప్రతి వరుస మొదట్లో కంప్యూటర్ పెట్టే బాణం లాంటి గుర్తును కూడా ‘గ్రేటర్ దాన్, గ్రేటర్ దాన్’ అంటూ విని, అప్పుడు గానీ అసలు మాట దగ్గరికి చేరలేరు.

అందుకని కోదండపాణి గ్రూపుకు కొన్ని పద్ధతులు పెట్టాడు. జవాబు అన్నిటికంటే పైన రాయాలి. దాని కింద తగులుకుని వచ్చే పాత మెయిల్‌ని తీసేయాలి. విషయం మారితే శీర్షిక కూడా మార్చాలి. పద్ధతులు బంగారం లాంటివి, వాటికి వంక పెట్టడానికి లేదు. వంకంతా ఆయనగారి నోటితోనే.

ఇలా ఉండగా పిఠాపురం నుంచి కరుణమ్మ అనే ఆవిడ గ్రూపులో చేరింది. ఆమె జాకెట్లు కుట్టి ఇల్లు నడిపేది. నీటికాసుల జబ్బుతో నడివయసులో చూపు పోయింది. కంప్యూటర్ అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. సామర్లకోటలో ఉండే సుభానీ మాస్టారు ఒకరోజు గ్రూపులో, “నా మాట్లాడే గడియారం మూగబోయింది. ఎక్కడైనా బాగుచేస్తారా?” అని అడిగాడు. కరుణమ్మకు అలాంటి కొట్టు ఒకటి తెలుసు. సంబరంగా జవాబు రాసింది. పాపం, ఆ జవాబు పాత మెయిళ్ళన్నిటికీ అడుగున పడింది.

కోదండపాణికి చిర్రెత్తుకొచ్చింది. వెంటనే అందరికీ వెళ్ళేలా రాశాడు: “కరుణమ్మగారూ, మేము విన్నదే మళ్ళీ మాకు వినిపించినందుకు ధన్యవాదాలు. మా చెవులు మీ ఇంటి చెత్తబుట్టలు కావు. పద్ధతి నేర్చుకునేదాకా దయచేసి రాయకండి.”

ఆ సాయంత్రం సుభానీ మాస్టారు ఫోన్ చేశాడు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు.

“ఏరా పాణీ, ఆవిడ చెప్పిన కొట్టుకే వెళ్ళాను. నా గడియారం మళ్ళీ మాట్లాడుతోంది. కాస్త కిందిదాకా వింటే నీ సొమ్మేం పోయింది?”

“కిందిదాకా నేనెందుకు వినాలిరా? పద్ధతంటే పద్ధతే. ఇవాళ ఒకరిని వదిలేస్తే రేపు అందరూ అలాగే తయారవుతారు.”

“ఆవిడ కొత్తరా. మెల్లగా చెప్పొచ్చుగా?”

“మెల్లగా చెబితే ఎవరి చెవికి ఎక్కుతుంది?” అన్నాడు కోదండపాణి.

ఆ తరువాత కరుణమ్మ పేరు గ్రూపులో వినిపించలేదు. గ్రూపు చక్కగా దారిలో పడిందని కోదండపాణి మురిసిపోయాడు.

కొంతకాలానికి బ్యాంకులో ఆఫీసరు పదోన్నతికి పరీక్ష పెట్టారు. ఆ పరీక్ష ఏటా వచ్చేది కాదు. కోదండపాణి ఎన్నాళ్ళనుంచో దానికోసం కాచుకుని ఉన్నాడు. పొద్దునా సాయంత్రమూ పాఠాలు విని విని కంఠతా పట్టాడు. తను జవాబులు చెబుతుంటే పేపరు మీద రాసిపెట్టడానికి స్క్రైబ్ కావాలి కదా, దానికి తెలిసిన కుర్రాణ్ణి మాట్లాడి పెట్టుకున్నాడు.

సరిగ్గా పరీక్షకు ముందురోజు ఆ కుర్రాడి తండ్రి ఫోన్ చేశాడు. “బాబూ, మావాడికి పచ్చకామెర్లండి. మంచం దిగలేకపోతున్నాడు.”

స్క్రైబ్ పేరు సాయంత్రం ఐదు లోపల పరీక్ష కేంద్రంలో చెప్పాలి. గడువు దాటితే ఒప్పుకోరు. హడావిడిగా గ్రూపుకు మెయిల్ పెట్టాడు: “రేపటి పరీక్షకు స్క్రైబ్ కావాలి. డిగ్రీ చదివే పిల్లలెవరైనా సరే. ఐదు లోపల చెప్పండి.”

జవాబులు వచ్చాయి. అన్నీ పద్ధతిగానే వచ్చాయి, పైన రెండే ముక్కలు, కింద శుభ్రం. “అయ్యో, మాకెవరూ లేరండి.” “మావాడు ఊళ్ళో లేడండి.” సుభానీ మాస్టారు తనకు తెలిసిన ఇళ్ళన్నిటికీ ఫోన్లు చేశాడు. ఎవరూ దొరకలేదు. ఐదు దాటిపోయింది.

ఆరు గంటలకు ఇంకొక మెయిల్ వచ్చింది. శీర్షికలోనే ‘స్క్రైబ్ దొరికింది’ అని ఉంది. మొదటి వాక్యం ఇది: “మా అక్క కూతురు గ్రేస్ కాకినాడలోనే డిగ్రీ చదువుతోంది, రేపు మీకు రాసిపెడుతుంది.” తరువాతి వరుసలో పంపినవారి ఫోన్ నంబరు. ఆ కింద ఒక్క అక్షరం కూడా అదనంగా లేదు. గ్రూపు పుట్టినప్పటినుంచి అంత పద్ధతైన మెయిల్ ఎవరూ రాయలేదు. పంపింది కరుణమ్మ.

కోదండపాణి వెంటనే పరీక్ష కేంద్రానికి ఫోన్ చేశాడు. అక్కడి గుమాస్తా విని, “ఐదింటికే జాబితా పంపేశామండి. ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు,” అన్నాడు. ఎంత బతిమాలినా లాభం లేకపోయింది.

దుఃఖం, కోపం కలగలిసి వచ్చాయి. కరుణమ్మ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాడు.

“అమ్మా, ఒక్క గంట ముందు చెప్పినా నా పరీక్ష దక్కేదమ్మా!”

“అయ్యో, మధ్యాహ్నమే తెలుసండి,” అంది కరుణమ్మ. “మీ మెయిల్ వినగానే మా గ్రేస్‌ని అడిగాను, సరేనంది. అప్పటినుంచీ రాస్తూనే ఉన్నానండి. పైన రాస్తుంటే కింద మీ మెయిల్ పోవట్లేదు. దాన్ని తీసేస్తే నేను రాసింది కూడా పోతోంది. గుడ్డ కత్తిరించడమైతే వచ్చు గానండి, ఈ మెయిల్ కత్తిరించడం చేతకాలేదు. ఇప్పటికి కుదిరింది.”

“ఫోన్ చేయాల్సింది!”

“మీరు నంబరు రాయలేదండి.”

నిజమే, ఆ కంగారులో కోదండపాణి నంబరు వేయడం మరిచిపోయాడు.

“పోనీ, ఎలా కుదిరితే అలా పంపేయాల్సింది కదమ్మా! అడుగున ఉన్నా వినేవాణ్ణి కదా!”

“నేర్చుకునేదాకా రాయొద్దన్నారు కదండీ,” అంది కరుణమ్మ.

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు పాటించిన అమాయకత్వమే ఉంది. కోదండపాణి తల సిగ్గుతో వాలిపోయింది. తన పరీక్షను ఎవరూ చెడగొట్టలేదు. తన నోరే చెడగొట్టింది.

మర్నాడు మిగిలినవాళ్ళు పరీక్ష రాస్తున్న వేళ అతను ఇంట్లో కూర్చుని గ్రూపుకు మెయిల్ రాశాడు: “కరుణమ్మగారిని అందరిముందు నొప్పించాను. అందరిముందే క్షమాపణ అడుగుతున్నాను. పైన రాసే పద్ధతి మంచిదే, దాన్ని మానవద్దు. కానీ చేతకాకపోతే పైనో కిందో ఎలాగోలా రాసి, ముందు పంపండి. పద్ధతి నేను ఫోన్‌లో నేర్పుతాను.” ఈసారి నంబరు కూడా వేశాడు.

ఆ వారమంతా అతని ఫోన్ మోగుతూనే ఉంది. ఎప్పుడో చేరి, తిట్లకు జడిసి నోరు మూసుకున్నవాళ్ళు ఎంతమందో ఉన్నారని అప్పుడు తెలిసింది. కరుణమ్మకు ఏ మీట నొక్కితే పాత మెయిల్ ఒక్కటే పోతుందో నేర్పాడు. ఆమె చురుకైనది, ఒక్క పూటలో పట్టేసింది. పైగా, “ఇంత చిన్న పనికా అంత బాధపడ్డాను!” అని నవ్వింది. తరువాత కొత్తవాళ్ళకు నేర్పే పనిని ఆమె కూడా పంచుకుంది.

పరీక్ష మళ్ళీ వచ్చినప్పుడు గ్రేస్ వచ్చి స్క్రైబ్‌గా కూర్చుంది. కోదండపాణి ఆఫీసరయ్యాడు.

ఆ రోజుల్లోనే తుని నుంచి సన్యాసప్పడు అనే పెద్దాయన గ్రూపులో చేరాడు. ఆయన మొదటిసారి అడిగిన సందేహం పాత మెయిళ్ళ అడుగున ఎక్కడో ఉంది. కోదండపాణి ఓపిగ్గా చివరిదాకా విన్నాడు. ముందు ఆయన అడిగినదానికి బదులిచ్చి, తరువాత ఫోన్ చేశాడు.

“బాబూ, నేను రాసింది సరిగ్గా ఉందా?” అని పెద్దాయన బెరుగ్గా అడిగాడు.

“మీ మాట నాకు అందింది కదండీ, అది చాలు. మిగతాది మెల్లగా నేర్చుకుందాం,” అన్నాడు కోదండపాణి.

పిల్లలూ, పద్ధతి నేర్పడం మంచిదే. కానీ నేర్పే నెపంతో ఎదుటివారి నోరు మూయిస్తే, రేపు మనకు అందవలసిన మేలు కూడా ఆ మూసిన నోటి వెనకే ఆగిపోతుంది.