తవిటయ్య మేస్త్రీ అరచెయ్యి

ఇందుమతికి వంతెనలు పరీక్షించడం రాక కాదు. ఎర్రవాగు వంతెన దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు, అంతే.

డెబ్భై ఏళ్ల కాంక్రీటు వంతెన అది. దాని మీద బస్సుల్ని ఇంకా పోనివ్వచ్చో, ఆపెయ్యాలో తేల్చి రాయాలి. మూడు రోజులుగా పరంజా ఎక్కి దిగుతూనే ఉంది. దూలాల మీద సుద్దతో గళ్లు గీసింది. ఒక్కో గడినీ సుత్తితో తట్టి చూసింది. అనుమానం వచ్చిన చోటల్లా మిషన్ పెట్టి లోపలి కాంక్రీటు ముక్క తీయించింది.

నాలుగో రోజు పరదేశి మాస్టారు వచ్చారు. ఆమెకు పని నేర్పింది ఆయనే. నలభై ఏళ్లు వంతెనల కిందే గడిపిన మనిషి. పరంజా మీద నెమ్మదిగా నడుస్తూ, మూడో దూలం పక్కన ఆగారు.

"ఇక్కడ గళ్లు లేవేటమ్మా?"

అక్కడ ఒక అరచెయ్యి అచ్చు ఉంది. వంతెన కట్టిన రోజుల్లో పోత చుట్టూ బిగించిన చెక్కలు విప్పితే, ఆ చోట కాంక్రీటు గుల్లగా వచ్చింది. సిమెంటు పూసి, చేత్తో అదిమి కప్పేశారు.

"మా తాతదండి ఆ చెయ్యి. తవిటయ్య మేస్త్రీ," అంది ఇందుమతి. "నన్ను పెంచింది ఆయనే. పోయి రెండేళ్లయింది మాస్టారూ. సరైన ఫొటో కూడా లేదు."

మాస్టారు వంగి ఆ అచ్చును దగ్గరగా చూశారు.

"చుట్టూ తట్టి చూశానండి, గట్టిగానే ఉంది. ఇక్కడ ముక్క తీస్తే చెయ్యి పోతుంది. ఈ ఒక్క చోటూ వదిలేద్దామండి."

తాత మీద బెంగ ఆమెకు ఒక్కరోజూ తీరలేదు. మూడు రోజులుగా అన్నం కూడా ఆ దూలం పక్కనే కూర్చుని తింటోంది. ఆ మాట మాస్టారికి చెప్పలేదు.

అవతలి ఒడ్డున బస్సు హారన్ వినబడింది. మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని, ఆ అచ్చులో ఆనించారు.

"నీ చెయ్యి తియ్యకు."

బస్సు వంతెన ఎక్కింది. పైన ఎవరో గట్టిగా నవ్వుతున్నారు, ఓ పసిపిల్ల ఏడుస్తోంది. దూలం సన్నగా వణికింది. అరచేతి కింద సిమెంటు పెచ్చు టకటకా కొట్టుకుంది. బస్సు దాటిపోయాక కూడా కాసేపు ఆగలేదు.

"ఏటంతన్నాడమ్మా మీ తాత?" అడిగారు మాస్టారు.

ఇందుమతి కళ్లు తుడుచుకుని, సుద్దముక్క తీసి ఆ చెయ్యి చుట్టూ గుండ్రంగా గీసింది. కిందికి వంగి, మిషన్ పైకి అందించమని పనివాళ్లకు చెప్పింది.