బండ మీద ఉంటేనే లెక్క

కొండ దిగువ మడుగు పక్కన ఒక నల్లబండ ఉండేది. దాని మీద కూర్చున్న జంతువే ఆ అడవికి పెద్ద. ఎవరు ముందు నీళ్ళు తాగాలో చెప్పేది పెద్దే. నచ్చకపోతే సగం అడవి వచ్చి బండకి వీపు తిప్పితే చాలు, పెద్ద దిగిపోవాలి. కాగితాలు లేని పద్ధతి. కాగితాలున్న ఊళ్ళలో ఇంతకంటే బాగా జరుగుతోందా అంటే, ఆ ఊసు ఇప్పుడొద్దు.

ఆ ఏడు పెద్దరికం నక్కది. తోడేళ్ళు ఎంగిలి మాంసం పడేస్తాయని వాటికే ముందు నీళ్ళిచ్చేది. దూడలు నాలుకలు చాపుకుని ఎండలో నిలబడేవి. తనని దించే రోజు దగ్గరపడిందని వాసన తగిలి, నక్క సభ పెట్టింది.

"పెద్ద లేని వేళ చూసి వీపు తిప్పడం మర్యాదేనా? ఇకమీదట పెద్ద బండ మీద ఉండగా తిప్పితేనే లెక్క."

"న్యాయంగానే ఉందే," అంది జింక. మెత్తగా చెబితే జింకలకి అన్నీ న్యాయంగానే ఉంటాయి.

గేదె నెమరు ఆపింది. "బండ మీద ఉంటే చాలా బావా? ఇంకేం చూడక్కర్లేదా?"

"ఏమీ చూడక్కర్లేదు వదినా. చట్టం సూటిగా ఉండాలి."

అన్నీ సరేనన్నాయి. ఆపైన గుంపు కనపడగానే నక్క పొదల్లోకి దూకేది. జంతువులు ఖాళీ బండకి వీపులు చూపించి వెళ్ళిపోయేవి. తన తెలివికి నక్క మురిసిపోయింది. ఎదుటివాళ్ళకి ఓపిక ఉంటుందన్నది ఇలాంటి తెలివైనవాళ్ళకి తోచదు.

వేసవి ముదిరింది. మడుగు ఎండి బండ కిందే కాసిని నీళ్ళు మిగిలాయి. తాగాలంటే బండెక్కి వంగాల్సిందే. గేదెలు తాగి, బండ వైపు వీపు పెట్టి బురదలో పడుకున్నాయి. బురదలో పడుకున్న గేదెకి లేవాలన్న తొందరేముంది? వాటి పక్కనే జింకలు, కుందేళ్ళు, పందులు, అన్నీ అటే వీపులు.

నక్క పొదలోంచి పొద్దున చూసింది, మధ్యాహ్నం చూసింది. వీపులు కదల్లేదు. నాలుక అట్టకట్టింది. తోడేళ్ళు కొండ అవతలి వాగుకి ఎప్పుడో వెళ్ళిపోయాయి, మాటవరసకైనా దాన్ని పిలవలేదు. చివరికి పాక్కుంటూ బండెక్కి మూతి పెట్టింది.

"వీపుల లెక్క చెల్లింది," అంది గేదె, చప్పుడు విని, వెనక్కి తిరగకుండానే.

"ఆగు వదినా. నేను పెద్ద హోదాలో రాలేదు. దాహమేసి వచ్చాను."

"ఎందుకొచ్చావో చూడక్కర్లేదన్నావుగా బావా."

"అయితే ఆ నిబంధన కొంచెం సవరించుకుందాం."

"సవరణలు తెచ్చేది పెద్ద. నువ్వు దిగి, దూడల వెనక నిలబడు."

నక్క దిగి నిలబడింది. దూడలు తీరిగ్గా తాగాయి.

నీతి: తనని దించే దారి మూసేవాడు ముందు తను నీళ్ళు తాగే దారి చూసుకోవాలి.