బంతి లేచినాక

చౌడప్పకు ఆ రోజు పొద్దుటి నుంచీ కాలు నిలవలేదు. కాలుగాలిన పిల్లిలా చేనేత కాలనీ అంతా తిరిగాడు. పందిట్లో కుర్చీలు సరిచూశాడు, మైకు సరిచూశాడు, మళ్లీ వెళ్లి కుర్చీలే సరిచూశాడు. చివరికి ధైర్యం తెచ్చుకుని పొయ్యిల దగ్గరున్న గురువు ముందు నిలబడ్డాడు.

ఏడాదికొక రోజు ఆ కాలనీకి పండగ. పొద్దున ముసలి నేతగాళ్లకు కళ్లద్దాలు పంచుతారు. మధ్యాహ్నం అన్నదానం. పొద్దు వాలుతుండగా చెక్కభజన. పదహారు మంది కాళ్లకు గజ్జెలు కట్టుకుని, చేతుల్లో చెక్కలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. వాళ్లకు ఆట నేర్పినవాడు ఓబయ్య గురువు. ముందుండి నడిపేవాడు చౌడప్ప. అతని ఆటకు వంక పెట్టలేం. తొందర ఒక్కటే అతనికున్న జబ్బు.

"గురువా, ఒక మాట."

ఓబయ్య తడిచేత్తో రాగిసంగటి ముద్దలు కడుతున్నాడు. తలెత్తకుండానే "చెప్పు" అన్నాడు.

"సాయంత్రం విజయవాడ పండగకు జట్లను ఎంచే ఆయన వస్తాండాడు. మూడేండ్ల నుంచి కాచుకోనుండాం."

"రానీ."

"నాగముని మామను ఈసారికి పక్కన కూర్చోబెడదాం గురువా. ఆట వేగమయ్యేసరికి అర అడుగు వెనకబడతాండాడు. చూసేవాళ్లకు తెలిసిపోతాది. ఆయన జాగాలో ఆడేదానికి శేషఫణి తయారుగా ఉండాడు."

నాగముని నలభై ఏళ్లు గుంటమగ్గం తొక్కి మోకాళ్లు అరగ్గొట్టుకున్న మనిషి. చౌడప్ప పుట్టకముందు నుంచీ ఆ జట్టులో ఆడుతున్నాడు. గురువు కాదంటాడనుకుని చౌడప్ప రాత్రంతా జవాబులు కూడగట్టుకున్నాడు. అవన్నీ వృథా పోయాయి.

"సరే. నువ్వే చెప్పు ఆయనకు" అన్నాడు ఓబయ్య. "అన్నం ముందర మాత్రం వద్దు. బంతి లేచినాక చెప్పు."

చౌడప్ప ఎగురుకుంటూ వెళ్లి శేషఫణి చేతిలో గజ్జెలు పెట్టాడు. ముందు అడగడమే కష్టమనుకున్నాడు. చెప్పడం దానికంటే కష్టమని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం మొదటి బంతి వేశారు. నేల మీద పొడుగ్గా చాపలు పరిచి, నలభై మందికి విస్తర్లు వేశారు. చౌడప్ప పక్కనే వచ్చి కూర్చున్నాడు నాగముని. పొద్దున ఇచ్చిన కళ్లద్దాలు ముక్కు మీద మెరుస్తున్నాయి. ధర చీటీ కూడా తియ్యలేదు, అద్దం మూల మీద అట్లాగే అతుక్కునుంది.

"విస్తరాకు ఈనెలు కూడా కనపడతాండాయి రా!" అన్నాడు పిల్లాడిలా.

చౌడప్ప నవ్వలేకపోయాడు.

ఆ కాలనీ బంతికి ఒక కట్టడి ఉంది. ముందు తిన్నవాళ్లు ముందు లేవడానికి లేదు. ఆఖరి మనిషి ఆఖరి ముద్ద తినేదాకా అందరూ కూర్చోవాల్సిందే. అన్నదానం కాబట్టి విస్తట్లో వదలడానికీ లేదు. ఏటా అందరికంటే ముందు విస్తరి ఖాళీ చేసేది చౌడప్పే. తిన్నాక ఎడంచేత్తో తొడ మీద దరువేస్తూ, పళ్లు లేని ముసలివాళ్లను చూసి గొణుక్కునేవాడు. వీళ్లకు వేరే బంతి వెయ్యండని కిందటేడు పెద్దలతో పోట్లాడాడు కూడా.

వడ్డనకు ఓబయ్యే దిగాడు. పప్పు, వంకాయ కూర, ఊరుబిండి పచ్చడి. తట్టలోంచి సంగటి తీసి వరసగా ఒక్కో ముద్ద పెట్టుకుంటూ వచ్చాడు. చౌడప్ప దగ్గర ఆగి ఒక ముద్ద పెట్టాడు. ఇంకోటి చేతికి తీసుకున్నాడు.

"వద్దు గురువా" అంటూ చౌడప్ప విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

ఓబయ్య ముద్ద పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఎంతసేపైనా నిలబడేటట్టు ఉన్నాడు. చౌడప్ప చేతులు తియ్యక తప్పలేదు. ముద్ద పెట్టి, గురువు ముందుకు సాగాడు.

సంగటి నమిలేది కాదు, మింగేది. గొంతు తెరుచుకుంటే క్షణంలో పని. ఆ రోజు చౌడప్ప గొంతు తెరుచుకోలేదు. 'మామా, నువ్వు ఈసారి కూర్చో' అనాలా? 'నీ మోకాళ్లకు ఇబ్బంది కదా' అనాలా? ఏ మాట అనుకున్నా అది ముద్దకు అడ్డం పడింది. మొదటి ముద్ద సగమయ్యేసరికి పక్కవాళ్లు పాయసానికి వచ్చారు. రెండో ముద్ద తుంచేసరికి మజ్జిగ తాగేశారు.

తల ఎత్తి చూశాడు. బంతి బంతంతా ఖాళీ విస్తర్ల ముందు కూర్చునుంది. చేతులు ఎండిపోతున్నాయి. పందిరి బయట రెండో బంతి వాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్కరూ అతని వైపు చూడలేదు. కావాలనే చూడలేదు. ఎవరి మానాన వాళ్లు నూలు సంగతి, వాన సంగతి మాట్లాడుకుంటున్నారు. ఒకరు గొణిగినా బాగుండేదనిపించింది చౌడప్పకు. సిగ్గేసింది. గబగబా ఒక పెద్ద ముద్ద నోట్లో కుక్కుకున్నాడు. పొలమారింది.

నాగముని నీళ్ల గ్లాసు అందించాడు. మఠం వేసుకుని కూర్చోవడం ఆ మోకాళ్లకు ఎంత నరకమో కాలనీలో అందరికీ తెలుసు. ఒక కాలు కొంచెం చాపుకుని, దాన్ని చేత్తో ఒత్తుకుంటూ, కొత్త అద్దాల్లోంచి చౌడప్ప ముఖంలోకి చూశాడు.

"నిదానంగా తిను నాయనా. ఎవరికి తొందరుంది?"

చౌడప్ప తల వంచుకుని తిన్నాడు. ఆఖరి మెతుకు దాకా తిన్నాడు. అప్పుడు నలభై మందీ ఒక్కసారిగా లేచారు. నాగముని లేవడానికి తన భుజం పట్టుకుంటే, పట్టుకోనిచ్చాడు. ఆ తర్వాత నేరుగా పందిరి అవతలికి వెళ్లాడు. ఒక కాలికి గజ్జెలు కట్టుకుని రెండో కాలు చాపిన శేషఫణి ముందు కూర్చుని, కట్టినవి తనే విప్పాడు.

"ఈసారికి ఉండబ్బా. తప్పు నాది" అన్నాడు.

సాయంత్రం ఆట మొదలైంది. విజయవాడకు జట్లను ఎంచే ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. చరణం మారింది, ఆట వేగం అందుకోవాల్సిన చోటు వచ్చింది. అక్కడ చౌడప్ప అడుగు ఎప్పుడూ దూకేది. ఆ రోజు దూకలేదు. చెక్కలు పైకెత్తి, వెనక నాగముని గజ్జెల చప్పుడు వినబడేదాకా ఆగి, అప్పుడు దించాడు. పదహారు జతల చెక్కలూ ఒక్క మోతగా మోగాయి.

ఆట అయ్యాక ముందు వరస ఆయన పుస్తకంలో ఏదో రాసుకుని లేచాడు. ముఖం చూసి ఏమీ తెలుసుకోలేం. అయినా చౌడప్ప ఆయన వెంట పరిగెత్తలేదు. నాగముని పక్కన నేల మీద కూర్చున్నాడు. ముసలాయన అద్దాలు సర్దుకుంటూ, గజ్జెల ముడి వెతుక్కుంటూ మెల్లగా విప్పుకుంటున్నాడు. చౌడప్ప గజ్జెలు ఇంకా కాళ్లకే ఉన్నాయి.

ఓబయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు.

"చెప్పినావా?"

చౌడప్ప నాగముని చేతుల వైపే చూస్తున్నాడు.

"బంతి ఇంకా లేయలేదు గురువా" అన్నాడు.